తాళము వేసిన విద్య ఎవరి కొరకు?

సామాజిక మాధ్యమములు కాలక్షేపమునకును కలహములకును నెలవులనియు, నూతన సృష్టి యనునది మూసిన ప్రయోగశాలలలో కొలదిమంది ప్రతిభావంతులవలననే జరుగుననియు మన పెద్దలు కొందరు నేటికిని వాదించుచున్నారు. ఈ వాదము నిదర్శనములకు నిలువదు.

షాంఘై శాస్త్రజ్ఞుడు జాంగ్ యోంగ్‌జెన్ బృందము కరోనా వైరసు జన్యుక్రమమును 2020 జనవరి 5 నాటికే కనుగొన్నది. ప్రకటించుటకు అధికారుల అనుమతి లేదు. జనవరి 11న ఆయన సమ్మతితో సహశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హోమ్స్ దానిని ఎల్లరు చూడగల తావున నుంచి, ట్విట్టరు ద్వారా లోకమునకు చాటెను. మరునాడే జాంగ్ ప్రయోగశాల మూతపడెను. అయినను విద్య అప్పటికే గడప దాటినది! జనవరి 13న మోడెర్నా సంస్థవారు తమ టీకాకు వలసిన క్రమమును నిశ్చయించుకొనిరి. మార్చి 16న తొలి వ్యక్తికి పరీక్షార్థము సూది వేసిరి. దీని వెనుక అనేక సంవత్సరముల పరిశోధన కలదు, నిజమే. కాని ఆ క్రమము బీరువాలోనే యుండినచో ఆ పరిశోధన ఎవరిని కాపాడియుండును?

ఇది ఆపత్కాలపు మాట యందురా? 1991 ఆగస్టు 25న ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను వ్రాయుచున్న చిన్న కంప్యూటరు వ్యవస్థను గూర్చి ఔత్సాహికుల చర్చావేదికలో తెలిపి సూచనలు కోరెను. పిదప దాని మూలమును ఎవరైనను చదువుటకు, దిద్దుటకు వీలుగా తెరచి యుంచెను. 2017 నవంబరు నుండి ప్రపంచమున అగ్రశ్రేణికి చెందిన 500 సూపర్ కంప్యూటర్లును ఆ లినక్స్‌తోనే నడచుచున్నవి.

పదిమంది చేయి పడినచో పని చెడునని ఆక్షేపింతురు. పరీక్షించువారు లేనిచో తప్పక చెడును. లినక్స్‌కు ఎవరైనను సవరణ పంపవచ్చును. పంపిన ప్రతి సవరణయు అంగీకరింపబడదు. కరోనా కాలమున ఫోనులలో ఊరేగిన దొంగ మందుల కబుర్లకు కర్తయు లేడు, ఆధారమును లేదు, దిద్దువాడును లేడు. ఆ గుంపు కేకలను చూపి సహకారమునే నిందించుట న్యాయము కాదు.

ఇక మన యింటి మాట. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుండి తెరచియున్నది. అందు వ్రాయుటకు హోసూరువారైనను, బరంపురమువారైనను ఎవరి అనుమతియు వేడనక్కరలేదు. ఆధారము చూపవలెను, దిద్దుబాటునకు ఒప్పుకొనవలెను; అంతియే. హక్కుల గడువు తీరిన పాత గ్రంథములకు వికీసోర్సు కలదు, వాడుక తప్పుచున్న పదములకు విక్షనరీ కలదు.

అయినను పాత పుస్తకములను, ఊరి చరిత్రలను, పదముల పట్టికలను బీరువాలలో బంధించి, భాష క్షీణించుచున్నదని సభలలో విలపించు పండితులు మనలో లేకపోలేదు. వారిని సవినయముగా నొకటే అడుగుచున్నాము: అయ్యా, ఆ తాళపుచెవి ఎవరి కొరకు దాచినారు? చెదపురుగులు అనుమతి అడుగవు సుమా!