లైసెన్సు చదవని చర్చ

మెటా సంస్థ తన కృత్రిమ మేధ (ఏఐ) భాషా మోడల్ లామాను విడుదల చేసిన ప్రతిసారీ పత్రికలు దాన్ని ఓపెన్ సోర్స్ విజయంగా రాస్తున్నాయి. సోషల్ మీడియాలో లక్షల మంది డెవలపర్లు కలిశారు, ఇక ఆవిష్కరణలు వాటంతటవే పుడతాయన్నది ఆ కథనాల ధీమా. లైసెన్సులో ఏముందో ఒక్కరూ చెప్పరు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ చరిత్రే చూడండి. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికలో తన పని గురించి ప్రకటించి సలహాలు అడగడం అందరికీ తెలిసిన కథ. కానీ ఆ తొలి లైసెన్సు డబ్బు తీసుకుని పంచడాన్ని నిషేధించింది. 1992లో జనరల్ పబ్లిక్ లైసెన్సు (జీపీఎల్)కు మారాకే అమ్ముకునే హక్కు వచ్చింది. పంపిణీ చేసేవారు సోర్సు కోడ్ ఇచ్చి తీరాలన్న బాధ్యత మాత్రం కొనసాగింది. కంపెనీలు ధైర్యంగా పెట్టుబడి పెట్టింది ఆ పునాది మీదే.

మరి ఇలాంటి షరతులకు కోర్టులో విలువ ఉందా? దానికి జవాబు బొమ్మ రైళ్ల కేసులో దొరికింది. బర్కిలీ భౌతికశాస్త్ర ఆచార్యుడు రాబర్ట్ జేకబ్సన్, మరికొందరు ఔత్సాహికులు కలిసి మోడల్ రైళ్లను కంప్యూటర్‌తో నడిపే జేఎంఆర్ఐ సాఫ్ట్‌వేర్ రాసి, రచయితల పేర్లు ఉంచాలి, మార్పులు తెలపాలన్న లైసెన్సుతో ఉచితంగా పంచారు. ఒరెగాన్ వ్యాపారి మాథ్యూ కాట్జర్ సంస్థ అందులోని ఫైళ్లను తీసుకుని, రచయితల పేర్లూ కాపీరైట్ నోటీసులూ లేకుండా తన ఉత్పత్తిలో వాడుకుంది. 2007లో అమెరికా జిల్లా కోర్టు ఇది మహా అయితే ఒప్పంద భంగమేనంటూ ఇంజంక్షన్ (ఆ వాడకాన్ని ఆపే ఉత్తర్వు) నిరాకరించింది. ఉచితంగా ఇచ్చినదానికి నష్టపరిహారం ఎంతని లెక్కకడతారు? ఆ వాదనే నిలిచి ఉంటే ఓపెన్ లైసెన్సులు కోరలు లేని కాగితాలయ్యేవి.

2008 ఆగస్టు 13న ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. పేర్లు ఉంచడం, మార్పులు తెలపడం అనుమతికే షరతులని, వాటిని మీరి వాడితే కాపీరైట్ చట్టం వర్తిస్తుందని తేల్చింది. డబ్బు చేతులు మారకపోయినా పేరుప్రతిష్ఠలు పెరగడం, ఉత్పత్తి త్వరగా మెరుగుపడటం ఆర్థిక ప్రయోజనాలేనని గుర్తించింది. 2010లో జేకబ్సన్‌కు లక్ష డాలర్లు చెల్లించేలా రాజీ కుదిరింది.

ఈ వెలుగులో లామాను చూడాలి. 2023 నాటి లామా 2 లైసెన్సు ప్రకారం, విడుదల నాటికే నెలకు 70 కోట్ల మందికి పైగా వాడుకరులున్న సంస్థ మెటా వద్ద విడిగా అనుమతి తెచ్చుకోవాలి. లామా 2 జవాబులతో మరో భాషా మోడల్‌ను మెరుగుపరచరాదన్న నిబంధనా ఉంది. ఈ నిబంధనను లామా 3.1లో సడలించినా 70 కోట్ల గీత మాత్రం చెరగలేదు. విద్యార్థులకు, చిన్న సంస్థలకు మోడల్ అందడం నిజంగా మేలే. అయినా ఎవరు వాడాలో ఒక కంపెనీ ఎంచుకునే ఏర్పాటును లినక్స్ సరసన కూర్చోబెట్టడం తప్పు.

నిజమైన ఓపెన్ లైసెన్సు ఎలా ఉంటుందో మన ఫాంట్లే చెబుతాయి. మండలి, రామభద్ర, గిడుగు వంటి తెలుగు ఫాంట్లను సిలికానాంధ్ర సంస్థ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఇచ్చింది. వాటిపై గూగుల్‌కు ఎంత హక్కుందో ఊళ్లోని చిన్న ప్రెస్సుకూ అంతే ఉంది. లామా లైసెన్సు ఆ సమానత్వం ఇవ్వదు. అది ఇచ్చేదాకా పత్రికలు దాన్ని ఓపెన్ సోర్స్ అని రాయకూడదు.