ఆమె చెప్పే మాటే పరీక్ష

కర్ణాటకలోని పావగడ నుంచి మధుగిరి మీదుగా తుమకూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. 2023 జూన్‌లో శక్తి పథకం వచ్చాక ఆడవాళ్లకు బస్సు టికెట్ ఖర్చు తప్పింది. నీళ్ల భయం మాత్రం తప్పలేదు. ప్రయాణం ఉందంటే పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టనివాళ్లున్నారు. దారిలో ఒంటేలు వస్తే బస్సు ఆపమనడం నామోషీ. కొందరికైతే సమస్య మొహమాటంతో ఆగదు. కూర్చున్నచోటే ఉన్నట్టుండి తన్నుకొస్తుంది. ఇంటికొచ్చి గొళ్లెం మీద చెయ్యి వేసేసరికి చీర తడుస్తుంది. చెప్పుకుంటే, "వయసు మీద పడింది కదమ్మా" అని తేల్చేస్తారు.

ఇది వయసుతో పాటు ఎలాగూ వచ్చేదని సరిపెట్టుకోవడం తప్పు. వైద్యులు దీన్ని ఓవర్ యాక్టివ్ బ్లాడర్ అంటారు. అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ 2002లో ఇచ్చిన నిర్వచనంలో ప్రధాన లక్షణం ఆపుకోలేని తొందరే. బట్ట తడవకపోయినా జబ్బు జబ్బే.

మూత్రాశయం నిండుతుంటే దాని గోడలోని నరాలు వెన్నుపాము మీదుగా మెదడుకు కబురు పంపుతాయి. మొదట కొద్దిగా తెలుస్తుంది, తర్వాత వెళ్లాలనిపిస్తుంది, ఇక ఆగలేమనిపించేది చివర్లో. ఈ జబ్బులో ఆ వరస చెదిరి, సగం నిండకముందే చివరి కబురు వచ్చేస్తుంది. యూరోడైనమిక్ పరీక్షలో సన్నటి గొట్టంతో సెలైన్ నింపుతూ లోపలి ఒత్తిడి కొలుస్తారు. మూత్రాశయపు కండరం బిగిసిందో లేదో యంత్రం చెబుతుంది. తొందర ఎప్పుడు మొదలైందో మాత్రం పరీక్ష చేయించుకునే ఆమే నోరు తెరిచి చెప్పాలి. కండరం కదలికే కనబడని ఆడవాళ్లూ తక్కువేం కాదు. రిపోర్టు నార్మల్ అని వాళ్లను ఇంటికి పంపేయడం వైద్యం అనిపించుకోదు.

ముందుగా ఇన్ఫెక్షన్, షుగర్ లేవని తేల్చుకోవాలి. ఆ తర్వాత మూడు రోజుల లెక్క: ఎన్ని నీళ్లు, ఎన్ని టీలు, ఎన్నిసార్లు, ఎంతెంత. ఒక కొలత గ్లాసు చాలు. చదువు రానివాళ్లు గోడ మీద గీతలు గీసినా పనికొస్తుంది. తొందర రాగానే పరుగెత్తకుండా నిలబడి, కటి కండరాలను అయిదారుసార్లు బిగించి వదిలితే ఆ ఉధృతి తగ్గుతుంది. వెళ్లే వ్యవధిని పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. మాత్రలు ఆ తర్వాతి మాట. ఆక్సిబ్యుటినిన్ లాంటివి ముసలివాళ్లలో నోరెండిపోవడం, మతిమరుపు తెస్తాయి. నీళ్లు మానేయడం అన్నిటికన్నా చెడ్డ ఉపాయం. చిక్కబడ్డ మూత్రం మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, రాళ్లకూ దారితీస్తుంది.

పావగడ ఫ్లోరైడ్ నీళ్ల సీమ కాబట్టి ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే వెన్నులో ఎముక పెరిగి నరాలను నొక్కవచ్చు. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు వల్ల నరాలు దెబ్బతినడాన్ని 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో షార్ట్ బృందం నమోదు చేసింది. కాళ్లు బిగుసుకుపోయి, తిమ్మిరెక్కి, దాంతోపాటు మూత్రం అదుపు తప్పిందంటే మాత్ర రాసి పంపకూడదు. వెన్ను చూడాలి.

ఇదంతా, మూత్రం తొందర ఆపుకోలేకపోతున్నారా అనే ఒక్క ప్రశ్నతో మొదలవ్వాలి. ముప్పై దాటినవాళ్ల ఇళ్లకు ఆశా కార్యకర్త ఎలాగూ ఫారం పట్టుకుని వెళుతుంది. దగ్గు, రొమ్ములో గడ్డ గురించి అడిగే ఆ ఫారంలోనే దీనికీ ఒక గడి పెట్టాలి. అడిగేటప్పుడు గుమ్మంలో మగవాళ్లు ఉండకూడదు. ఫారం కన్నడలో ఉన్నా, తెలుగు మాట్లాడే ఈ ఊళ్లలో ప్రశ్న తెలుగులో అడగాలి.