కొత్త చేప వెంట వచ్చే కనిపించని చుట్టం

చెల్పూరు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. భూపాలపల్లి జిల్లాలోని ఈ ఊరికి సముద్రం చాలా దూరం. అయినా ఇంట్లో ఓ మూల గాజుతొట్టి, అందులో నాలుగు రంగు చేపలు ఉండాలన్న ముచ్చటకి దూరంతో పనేముంది? హనుమకొండ వెళ్లినప్పుడు పిల్లలు రంగు చేపల దుకాణం ముందు నుంచి కదలరు. రెండు గోల్డ్‌ఫిష్‌లు పాలిథిన్ సంచిలోకి ఎక్కుతాయి. బస్సులో ఒళ్లో పెట్టుకుని జాగ్రత్తగా తెస్తారు. ఇంటికి చేరగానే సంచి మూతి విప్పి, నీళ్లతో సహా తొట్టిలోకి వంపేస్తారు.

తంటా అంతా అక్కడే మొదలవుతుంది.

ఓ పది రోజులు బాగానే ఉంటుంది. తర్వాత ఓ చేప గులకరాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటుంది. ఇంకోటి రెక్కలు ముడుచుకుని ఓ మూలకి చేరుతుంది. మరోటి నీటి పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. కొత్తవే కాదు, ఏడాది నుంచి హాయిగా ఉన్న పాత చేపలకీ అదే అవస్థ. చివరికి ఓ ఉదయం చేప వెల్లకిలా తేలుతుంది. బడికెళ్లే పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. 'చేపలు మనింట్లో అచ్చిరావు' అని పెద్దలు తీర్మానిస్తారు. అచ్చిరాకపోవడం ఏమీ లేదు. చాలాసార్లు అసలు కారణం కొత్త చేప ఒంటిని పట్టుకుని వచ్చిన పురుగే.

ఎవరీ చుట్టం?

బడి పుస్తకాల్లో బల్లపరుపు పురుగుల గురించి అందరూ చదువుకున్నదే. బద్దెపురుగు, గొర్రెల కాలేయంలో చేరే లివర్ ఫ్లూక్ ఆ జాతివే. చేపల మీద బతికే ఫ్లూక్‌లూ వాటి దాయాదులే. వీటిలో ఇంటి తొట్టెల్ని ఎక్కువగా పీడించేవి రెండు. మొప్పల్ని పట్టేది డాక్టిలోగైరస్. చర్మాన్నీ రెక్కల్నీ పట్టేది గైరోడాక్టిలస్. రెండూ మామూలుగా మిల్లీమీటరు కన్నా చిన్నవే. ఒంటి వెనక కొసన కొక్కేలుంటాయి. వాటితో చేపకు తగులుకుని, దాని జిగురునూ చర్మపు కణాలనూ తింటూ బతుకుతాయి.

లివర్ ఫ్లూక్ ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకు చేరాలంటే మధ్యలో నత్త ఉండాలి. ఈ చేపల ఫ్లూక్‌లకు అలాంటి దళారీ అక్కర్లేదు. చేప నుంచి చేపకు నేరుగా వెళ్లిపోతాయి. చెరువులో చేపలు దూరదూరంగా తిరుగుతాయి కాబట్టి పురుగుకి అన్నిసార్లూ ఆశ్రయం దొరకదు. రెండడుగుల తొట్టిలో ఎటు పోయినా చేపే. కొద్ది పురుగులతో పెద్దగా బాధపడని చేప, ఇరుకు తొట్టిలో వందల పురుగులు పట్టేసరికి కుదేలవుతుంది. పైగా కొక్కేలు గుచ్చిన చోట సూక్ష్మజీవులు చేరి పుండ్లు పడతాయి.

భయపడాల్సిన పనిలేని సంగతి ఒకటుంది. ఈ ఫ్లూక్‌లు మనుషులకు సోకవు. తొట్టిలో చెయ్యి పెట్టాక సబ్బుతో కడుక్కోవడం ఎప్పుడైనా మంచిదే కానీ, వీటివల్ల పిల్లలకు ప్రమాదమేమీ లేదు.

ఒకటి గుడ్లు పెడుతుంది... ఇంకోటి?

మందు వేసినా జబ్బు మళ్లీ ఎందుకొస్తుందో తెలియాలంటే వీటి సంసారం కాస్త చూడాలి. మొప్పల ఫ్లూక్ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు తొట్టి అడుక్కి జారి గులకరాళ్ల మధ్యా, మొక్కల మీదా ఉండిపోతాయి. మన వేసవి నీళ్లలో కొద్ది రోజుల్లోనే పొదుగుతాయి. చల్లటి నీళ్లలో అయితే వారాలు పడుతుంది. బయటకొచ్చిన పిల్ల ఈదుకుంటూ చేపను వెతుక్కుంటుంది. దొరక్కపోతే ఎక్కువ సేపు బతకదు.

చర్మపు ఫ్లూక్‌ది ఇంకో వింత. గుడ్లు పెట్టదు, ఏకంగా పిల్లనే కంటుంది. ఆ పిల్ల పుట్టకముందే దాని కడుపులో ఇంకో పిల్ల తయారవుతూ ఉంటుంది. ఓ బొమ్మలో ఇంకో చిన్న బొమ్మ దాచినట్టన్నమాట. అందుకే ఒక్క పురుగు వచ్చినా చాలు, కొద్ది రోజుల్లోనే ఇంటినిండా సంతానం.

మందులు పెద్ద పురుగుల్ని చంపుతాయి కానీ గుడ్ల జోలికి దాదాపు పోవు. ఒకసారి మందు వేసి 'తగ్గిపోయింది' అనుకుంటే, గుడ్లు పొదిగి కథ మళ్లీ మొదటికొస్తుంది. వారం తేడాతో రెండోసారీ, అవసరమైతే మూడోసారీ వేయమనేది అందుకే.

ముందు నీళ్లు... తర్వాతే మందు

చేప ఒళ్లు రుద్దుకున్న ప్రతిసారీ పురుగే అనుకోకూడదు. తిండి ఎక్కువై, నీళ్లు మార్చక, తొట్టిలో అమ్మోనియా పెరిగినా అవే లక్షణాలు కనిపిస్తాయి. అందుకే మొదటి పని నీళ్లు చూడటం. మూడో వంతు నీళ్లు తీసి, క్లోరిన్ పోయిన నీళ్లు పోయాలి. అమ్మోనియా పరీక్షించే కిట్లు రంగు చేపల దుకాణాల్లో దొరుకుతాయి. రెండు రోజుల్లో చేప తేరుకుంటే మందుతో పనేలేదు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. గాజు మీద తెల్లటి సన్నటి పురుగులు పాకుతుంటే చాలామంది కంగారుపడతారు. అవి ఎక్కువగా ప్లనేరియాలు. ఇవీ బల్లపరుపు పురుగులే కానీ చేపల్ని పీడించేవి కావు. మిగిలిపోయిన మేత తిని పెరుగుతాయి. మేత తగ్గించి, అడుగు శుభ్రం చేస్తే అవే తగ్గుతాయి. అసలు శత్రువు గాజు మీద కనిపించదు. చేప మీదే ఉంటుంది.

నిర్ధారించడానికి పెద్ద ప్రయోగశాలేమీ అక్కర్లేదు. హైస్కూల్లో ఉండే మామూలు సూక్ష్మదర్శిని చాలు. చేప చనిపోయిన వెంటనే చిన్న మొప్ప ముక్కను నీటిచుక్కలో పెట్టి చూస్తే, ఫ్లూక్‌లుంటే మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. ఆలస్యమైతే అవి చేపను వదిలి వెళ్లిపోతాయి. జీవశాస్త్రం చెప్పే మాస్టారికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

పురుగే అని తేలితే? చర్మపు ఫ్లూక్‌కి ఉప్పు నీటి స్నానం బాగా పనిచేస్తుంది. అయోడిన్ కలపని రాళ్ల ఉప్పు లీటరు నీటికి 20 గ్రాములు కరిగించి, గోల్డ్‌ఫిష్‌ని 5 నిమిషాలు ఉంచాలి. అంతసేపూ పక్కనే ఉండి చూడాలి. చేప ఒరిగిపోతే ఆ క్షణమే మంచినీళ్లలోకి మార్చాలి. పొలుసుల్లేని మార్పు జాతి చేపలకి ఈ ఉప్పు పడదు. మొప్పల ఫ్లూక్ ఉప్పుకి అంత తేలిగ్గా లొంగదు. దానికి వాడేది ప్రాజిక్వాంటెల్. 1970ల్లో జర్మనీ కంపెనీలు బేయర్, మెర్క్ తయారుచేసిన ఈ మందు, మనుషుల్లో నత్తల ద్వారా వచ్చే ఫ్లూక్ జబ్బుకి ప్రపంచమంతటా వాడుతున్నదే. బడిలో పిల్లలకిచ్చే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ వేరు, ఇది వేరు. దాన్ని తొట్టిలో వేయకూడదు. మోతాదు తొట్టిలో ఎన్ని లీటర్లున్నాయో కొలిచి నిర్ణయించాల్సింది కాబట్టి, చేపల జబ్బులు తెలిసిన పశువైద్యుల్నో మత్స్యశాఖ వారినో అడగడమే క్షేమం. మందు వేసిన రోజుల్లో ఫిల్టర్‌లోని బొగ్గు తీసేయాలి. లేకపోతే మందుని అదే పీల్చేసుకుంటుంది.

సముద్రపు తొట్టిలోనూ అదే కథ

హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉప్పునీటి తొట్టెలు పెంచేవారికీ ఈ బెడద తప్పదు. నియోబెనిడీనియా అనే ఫ్లూక్ సముద్రపు చేపల ఒంటినీ కళ్లనూ పట్టుకుంటుంది. దాన్ని శాస్త్రజ్ఞులు మొదట గుర్తించింది న్యూయార్క్ అక్వేరియంలోని చేపల మీదే. ఆ వివరాలు 1927లో అచ్చయ్యాయి. పారదర్శకంగా ఉంటుంది కాబట్టి చేప మీదున్నా కనపడదు. చేపను 5 నిమిషాలు మంచినీళ్లలో ముంచితే తెల్లబడి ఊడి రాలుతుంది. అక్కడ ఉప్పు మందైతే ఇక్కడ మంచినీళ్లే మందు!

పగడాలనూ వదలని పురుగులున్నాయి. అక్రోపోరా పగడాన్ని తినే ఓ బల్లపరుపు పురుగు విదేశాల్లో ఇంటి తొట్టెల్ని ఏళ్ల తరబడి పీడించింది. శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టింది 2011లో. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో, అంటే దాని సొంతింట్లో కనిపించింది 2012లో! దాని గుడ్లూ మందుకి చావవు. పొదగడానికి సుమారు 3 వారాలు పడుతుంది. అన్నట్టు, మన దేశంలో గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు. మన సముద్రం నుంచి తీసిన పగడాన్ని ఎవరైనా అమ్మజూపితే వద్దనడమే సరైన పని.

మూడు వారాల ఓపిక

ఇన్ని మందులూ వెతుక్కునే కన్నా తేలికైన ఉపాయం ఇంకోటుంది. కొత్త చేపను వెంటనే తొట్టిలో కలపకపోవడం. మన రంగు చేపలు కోల్‌కతా నుంచో, చెన్నైలోని కొళత్తూరు నుంచో ఎన్నో చేతులు మారి వస్తాయి. ప్రతి చోటా వేరే నీళ్లు, వేరే చేపల పక్కన మకాం. అందుకే 20, 30 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు ఒకటి పక్కన పెట్టుకోవాలి. అందులో చిన్న గాలిమోటారు, స్పాంజి ఫిల్టర్ ఉంటే చాలు. గులకరాళ్లు వేయొద్దు, గుడ్లు దాక్కుంటాయి. సంచిలోని నీళ్లు పారబోసి చేపను మాత్రమే వదలాలి. 3 నుంచి 4 వారాలు గమనించాలి. వల, మగ్గు వేరుగా ఉండాలి. తడి వలతోనూ పురుగు పెద్ద తొట్టిలోకి వెళ్లగలదు. 'ఇంటికి తెచ్చి నెలరోజులు టబ్బులో పెడతారా?' అని పిల్లలు గొడవ చేస్తారు. రోజూ మేత వేసే పని వాళ్లకే అప్పగిస్తే, చేప తిందో లేదో, రుద్దుకుందో లేదో వాళ్లే చెబుతారు.

చెరువులో వదిలితే?

జబ్బు చేప కళ్లెదుటే చావడం చూడలేక కొందరు దాన్ని తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. జాలితో చేసే పనే. కానీ గోల్డ్‌ఫిష్‌కీ చెరువులోని బంగారుతీగకీ దగ్గరి చుట్టరికం. కొన్ని రకాల ఫ్లూక్‌లు రెండింటి మీదా బతకగలవు. కాకతీయుల కాలం నుంచీ చెరువులనే నమ్ముకున్న నేల ఇది. వాటిలో వల వేసి బతికే కుటుంబాలు ఎన్నో.

ఒక్క పురుగు నీళ్లనెంత పాడు చేయగలదో నార్వేని అడగాలి. 1970ల్లో స్వీడన్ నుంచి తెచ్చిన సాల్మన్ చేపపిల్లలతో పాటు గైరోడాక్టిలస్‌లోని ఓ రకం ఆ దేశంలోకి వచ్చింది. బాల్టిక్ సాల్మన్ దాన్ని తట్టుకోగలిగింది. నార్వే సాల్మన్ తట్టుకోలేకపోయింది. సుమారు 50 నదులకు పాకింది. దాన్ని వదిలించడానికి నదుల్లో రోటినోన్ అనే మందు కలిపి, ఉన్న చేపలన్నిటినీ చంపి, మళ్లీ పిల్లల్ని వదలాల్సి వచ్చింది. చాలా నదులు ఇప్పుడు బాగుపడ్డాయి కానీ అందుకు దశాబ్దాలు పట్టింది.

అందుకే చచ్చిన చేపను మట్టిలో లోతుగా పాతిపెట్టాలి. తొట్టి నీళ్లను పెరట్లో చెట్ల పాదులకు పోయాలి. ఉప్పో, మందో కలిపిన నీళ్లయితే చెట్లకూ వద్దు, ఇంటి మురుగు తూములో పోయాలి. చేప బతికున్నా సరే, చెరువు వైపు మాత్రం తీసుకెళ్లకూడదు. తొట్టి మన ఇంటిది, నచ్చినట్టు పెట్టుకోవచ్చు. చెరువు మాత్రం ఊరందరిదీ.