పాత కేసు కన్నా దాచిన కేసే ప్రమాదం

మన కుటుంబాల పిల్లలు నర్సింగు, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ చదువులు ముగించి ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకుంటున్నారు. కొందరు విదేశాలకూ వెళ్తున్నారు. ఆ దారిలో వారికి కొన్ని ప్రశ్నలు ఎదురవుతాయి. మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా? మీ మీద కేసు నడుస్తోందా? కోర్టు జరిమానా వేసిందా? "లేదని రాసెయ్యి, ఎవరు చూడొచ్చారు" అని ఇంట్లో పెద్దలే సలహా చెబుతుంటారు. ఆ సలహా వినవద్దని నా మనవి.

ఎందుకంటే చూసేవాళ్లు ఉన్నారు. ప్రభుత్వోద్యోగమైతే మీరు నింపిన అటెస్టేషన్ ఫారం పోలీసుల పరిశీలనకు వెళ్తుంది. విదేశీ ఉద్యోగానికి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగితే పాస్‌పోర్టు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. వారు పోలీసు విచారణ నివేదిక తెప్పించుకుంటారు. ప్రైవేటు సంస్థలు ఈ పని ఏజెన్సీలకు అప్పగిస్తాయి. ఆ ఏజెన్సీలు కోర్టుల కంప్యూటర్ రికార్డుల్లో అభ్యర్థి పేరుతో వెతుకుతాయి. మంచం మీద ఉన్న రోగి తన ప్రాణాన్ని మన చేతిలో పెడతాడు కనుక, ఆసుపత్రులు ఇలా విచారించడం తప్పు కాదు.

2016 జూలై 21న అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంపై స్పష్టత ఇచ్చింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. ముఖ్యమైన సంగతి దాచితే ఉద్యోగంలో చేరిన తరువాత కూడా తొలగించవచ్చు. అయితే చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాన్ని దాచినా యజమాని తన విచక్షణతో క్షమించవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం వచ్చితీరుతుందని కోర్టు అనలేదు. కాని నిజం చెప్పినవారి మీద దాచారనే నింద పడదు.

చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. తాగి బండి నడిపి పట్టుబడి, కోర్టులో తప్పు ఒప్పుకొని జరిమానా కట్టి, "కేసు అయిపోయింది" అనుకుంటారు. చట్టం దృష్టిలో అది శిక్ష పడినట్లే. రాజీకి వీలున్న నేరంలో చట్టప్రకారం రాజీ కుదిరితే మాత్రం నిర్దోషిగా విడుదలైనట్లు. అయినా ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని అడిగితే, అరెస్టయినవారు అవునని రాసి, కేసు ఎలా ముగిసిందో వివరించాలి. అందుకే తీర్పు నకలు తీసుకొని భద్రపరచుకోండి. బడి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మపు పేరు మరొకటి ఉన్నవారు దరఖాస్తులు, గుర్తింపు కార్డులన్నిటిలో ఒకే పేరు ఉండేలా చూసుకోండి. అదే పేరుగల వేరొకరి కేసు మీదని పొరబడితే తండ్రి పేరు, చిరునామా చూపించి సరిదిద్దమని అడగండి.

18 ఏళ్లు నిండకముందు జరిగిన తప్పు బాలల న్యాయ చట్టం కింద పరిష్కారమైతే, 2015 చట్టంలోని 24వ సెక్షను ప్రకారం ఆ కారణంగా అనర్హత రాదు. 16 ఏళ్లు దాటి, ఘోర నేరంలో పెద్దవారిగా విచారణకు గురైనవారి సంగతి వేరు.

ఉద్యోగమిచ్చేవారికీ ఒక మాట. కేసు అనే పదం కనబడగానే ఫైలు మూసివేయకండి. ఏ నేరం, ఏ వయసులో జరిగింది, ఎలా ముగిసింది, ఇవ్వబోయే పనికి దానితో సంబంధముందా అని చూడండి. పిల్లల మీద, రోగుల మీద అఘాయిత్యం చేసినవాడిని వార్డులోకి రానివ్వకూడదు. పొలం గట్టు తగాదాలో ఇంటిల్లిపాదితో పాటు పేరు ఎక్కిన కుర్రవాడిని అదే గాటన కట్టకూడదు. నిజం చెప్పినవాడికి తలుపులన్నీ మూసేస్తే, తరువాత వచ్చేవాడికి అబద్ధమాడమని మనమే నేర్పినవాళ్లమవుతాము.