పెట్టెల్లో వచ్చిన మోటారు కారు

పిల్లలూ! సంతలో కొన్న పట్టెమంచాన్ని ఇంటికి ఎలా తెస్తారో మీరు చూసే ఉంటారు. కోళ్ళూ పట్టెలూ విడదీసి, కట్టగా కట్టి, బండిమీద వేస్తారు. ఇంటికి వచ్చాక మళ్ళీ బిగించుకుంటారు. బిగించిన మంచం ఒక్కటి పట్టే చోటులో విడదీసిన మంచాలు నాలుగు పడతాయి. మోటారు కార్లు కూడా ఒకప్పుడు ఇలాగే సముద్రాలు దాటి వచ్చాయంటే నమ్ముతారా?

రెండవ ప్రపంచయుద్ధం 1945లో ముగిసింది. ఇంగ్లండు గెలిచిందన్న మాటేగాని, పీకలదాకా అప్పుల్లో మునిగి ఉంది. అప్పు తీరాలంటే సరుకు చేసి పరదేశాల్లో అమ్మాలి. అందుచేత, కార్లను బాగా ఎగుమతి చేసే కంపెనీలకే అక్కడి ప్రభుత్వం ఉక్కు ఎక్కువగా ఇవ్వసాగింది. కొవెంట్రీ నగరంలోని స్టాండర్డ్ కంపెనీ 1947లో ‘వాన్‌గార్డ్’ అనే కొత్త కారును ప్రకటించింది. అది ఒక యుద్ధనౌక పేరు. కాని ఈ కారు మాత్రం పిల్లా జెల్లాతో సంసారాలు ఎక్కి తిరగటానికి చేసినది. విదేశాలలో అమ్మాలని మొదటినుంచీ అనుకుని చేసినది.

కారును ఉన్నపళంగా ఓడ ఎక్కిస్తే బోలెడు చోటు పడుతుంది. కారు లోపల ఉన్నదంతా గాలే గదా! ఆ గాలికి కూడా ఓడవాళ్ళకు కిరాయి ఇచ్చుకోవాలి. విడిభాగాలుగా పెట్టెల్లో సర్దితే చోటు కలిసివస్తుంది. మరొక లాభం కూడా ఉంది. చాలా దేశాలు పూర్తి అయిన కారుమీద సుంకం ఎక్కువగానూ, విడిభాగాలమీద తక్కువగానూ వేసేవి. బిగించే పని తమ దేశంలో జరిగితే తమవాళ్ళకు పని దొరుకుతుందని వారి ఆలోచన. ఈ విధంగా వాన్‌గార్డ్‌ను ఆస్ట్రేలియాలో బిగించారు, బెల్జియంలో బిగించారు, మన మద్రాసులో కూడా బిగించారు.

ఇక ఆ పెట్టెల్లో అన్నిటికంటే బరువైన వస్తువు సంగతి చూద్దాం. అదే ఇంజను.

ఇంజనులో సిలిండర్లని లావుపాటి గొట్టాలు ఉంటాయి. పిచికారీలో కాడలాగా ఒక్కొక్క గొట్టంలో ఒక పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. అది మొదటిసారి కిందికి దిగినప్పుడు గాలినీ పెట్రోలు ఆవిరినీ లోపలికి పీలుస్తుంది. పైకి వచ్చినప్పుడు వాటిని అదుముతుంది. అప్పుడు నిప్పురవ్వ పడి అంతా భగ్గుమంటుంది. ఆ ఊపుకు పిస్టన్ మళ్ళీ కిందికి పోతుంది. నాలుగోసారి పైకి వస్తూ పొగను బయటికి తోసేస్తుంది. ఈ నాలుగింటిలో బండిని నడిపే బలం ఒక్కసారే పుడుతుంది. అందుకే వాన్‌గార్డ్‌కు నాలుగు సిలిండర్లు పెట్టి, ఒకదాని తరవాత ఒకటి భగ్గుమనేలా చేశారు.

వాన్‌గార్డ్ ఇంజనులో ఒక తమాషా ఉన్నది. నూతిలో వరలు దించుతారు గదా, అలాగే ఇంజను దిమ్మలో ఉక్కులాంటి గట్టి గొట్టాలను విడిగా దించేవారు. అయితే నూతిలో నీరు వరల లోపల ఉంటుంది. ఇక్కడ నీరు వరల చుట్టూ బయట ఉండి, వేడిని లాగేస్తుంది. గొట్టం అరిగిపోతే దాన్ని పైకి లాగి కొత్తది దించితే సరి, దిమ్మ అంతా పారెయ్యనక్కరలేదు.

అంతేకాదు. వర వెడల్పు మారిస్తే ఇంజను సైజే మారుతుంది! ఫెర్గూసన్ ట్రాక్టరుకు 80 మిల్లీమీటర్ల గొట్టాలు వేశారు, 1,850 సి.సి. ఇంజను అయింది. వాన్‌గార్డ్ కారుకు 85 మిల్లీమీటర్లవి వేశారు, 2,088 సి.సి. అయింది. టి.ఆర్.2 అనే పందెపు కారుకు 83 మిల్లీమీటర్లవి వేశారు, 1,991 సి.సి. అయింది. పొలం దున్నే బండికీ, పందెంలో పరుగెత్తే బండికీ ఒకే జాతి గుండె అన్నమాట!

సి.సి. అంటే ఘన సెంటీమీటరు. ఈ అంకెలు నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. పిస్టన్ ఆడే ఎత్తు 9.2 సెంటీమీటర్లు. వెడల్పులో సగం వ్యాసార్ధం. గొట్టం ఘనపరిమాణం కట్టి, నాలుగుతో హెచ్చించండి. లెక్కలో తప్పు లేకపోతే దగ్గరదగ్గరగా ఇవే అంకెలు వస్తాయి.

1959లో ఈ కంపెనీవారే ‘ట్రయంఫ్ హెరాల్డ్’ అనే చిన్న కారు తెచ్చారు. కంపెనీకి కారు బాడీలు చేసిపెట్టే పెద్ద కార్ఖానాను అంతకుముందే పోటీ కంపెనీవారు కొనేసుకున్నారు. అందుకని బాడీని ముక్కలుగా పలుచోట్ల చేయించి, గట్టి ఉక్కు చట్రంమీద బోల్టులతో బిగించే ఉపాయం పన్నారు. కష్టంలో పుట్టిన ఉపాయమే వరమైంది. బోల్టులతో బిగించే కారును పెట్టెల్లో పంపటం, దూరదేశంలో కూర్చటం మరీ సులువు గదా!

మద్రాసులో 1961 నుంచి ఇది ‘స్టాండర్డ్ హెరాల్డ్’ పేరుతో రాసాగింది. కార్ఖానా వండలూరు దగ్గర ఉండేది. అప్పటికే మన ప్రభుత్వం ఒక గట్టి నియమం పెట్టింది. విడిభాగాలు తెచ్చి బిగిస్తే చాలదు, క్రమంగా వాటిని ఇక్కడే తయారుచేయాలి. చేయలేనివారు వెళ్ళిపోవచ్చు అని 1953లో తేల్చి చెప్పింది. బొంబాయిలో 1928 నుంచి కార్లు బిగిస్తున్న జనరల్ మోటార్స్ అనే అమెరికా కంపెనీ ఆ తరవాత ఆ పని మానుకుని వెళ్ళింది. మద్రాసువారు నిలిచారు. పెట్టెల్లో వచ్చే భాగాలు తగ్గుతూ, ఇక్కడ చేసేవి పెరుగుతూ వచ్చాయి. ఇంగ్లండులో హెరాల్డ్ సెడాన్‌కు రెండే తలుపులు. మనవాళ్ళు పెద్ద సంసారాలకు వీలుగా నాలుగు తలుపుల కారును కూడా చేశారు.

ఇది విని చప్పట్లు కొట్టాలనిపిస్తున్నదా? కొట్టండి. కాని కథ ఇంకా ఉన్నది.

ఇంగ్లండువారు హెరాల్డ్ ఇంజనును 948 సి.సి. నుంచి 1,147కూ, అక్కణ్ణించి 1,296కూ పెంచుకుంటూ పోయారు. మద్రాసు హెరాల్డ్ మాత్రం 948 దగ్గరే ఆగిపోయింది. అవి కారు కోసం జనం పేర్లు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకునే రోజులు. కొత్త యంత్రాలు తెప్పించాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. పాతదే అమ్ముడుపోతూంటే కొత్తది చేయాలన్న తొందర ఎవరికి పుడుతుంది?

చివరకు 1985లో మద్రాసు కార్ఖానా ‘స్టాండర్డ్ 2000’ అనే కారును విడుదల చేసింది. బాడీ అందమైనది, 1976లో ఇంగ్లండులో వచ్చిన రోవర్ కారుది. అక్కడ దానికి మొదట పెట్టినది ఎనిమిది సిలిండర్ల 3,528 సి.సి. ఇంజను. ఇక్కడ పెట్టినది ఏది అనుకున్నారు? 1,991 సి.సి. ఇంజను! పైన మీరు చదివిన వాన్‌గార్డ్ జాతిదే, ట్రాక్టరుకు చుట్టమే. పెద్ద శరీరం, ముసలి గుండె. ధర చూస్తే ఎక్కువ. రెండేళ్ళ ముందే మారుతి కారు తేలికగా, కొత్త ఇంజనుతో వచ్చి ఉంది. స్టాండర్డ్ 2000 నిలవలేదు. 1980లు గడవకముందే అక్కడ కార్ల తయారీ ఆగిపోయింది.

పిల్లలూ, పెట్టె విప్పి బిగించటం ఒక విద్య. అదే వస్తువును సొంతంగా చేయటం అంతకంటే పెద్ద విద్య. చేసినదాన్ని ఎప్పటికప్పుడు మెరుగు పరుచుకోవటం అన్నిటికంటే పెద్ద విద్య. మద్రాసు కార్ఖానా మొదటి రెండూ నేర్చింది, మూడవదాని దగ్గర ఆగింది. ఈనాడు చెన్నై చుట్టుపక్కల పెద్ద కార్ల కార్ఖానాలు ఉన్నాయి. మన పెనుకొండ దగ్గర కూడా 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. వాటిలో పనిచేసేవారికి కూడా ఈ మూడో విద్య తప్పదు.

ఎక్కడైనా పాత హెరాల్డ్ కనబడితే, దాని యజమానిని అడిగి ముందుభాగం ఎత్తించి చూడండి. ముక్కుతో సహా మొత్తం ముందుకు వంగి, ఇంజను అంతా ఒక్కసారి కనిపిస్తుంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను ఒక ప్రశ్న అడగండి: మనం వాడే వస్తువుల్లో ఇక్కడ చేసినవి ఎన్ని, ఇక్కడ బిగించినవి ఎన్ని?