కేస్ షీటులో లేని గాయం

స్త్రీల మీద హింస గురించి మనం పోలీసు స్టేషన్ల ముందు ధర్నాలు చేశాం, కోర్టుల చుట్టూ తిరిగాం, చట్టాలు తెప్పించుకున్నాం. 1983లో 498-ఎ వచ్చింది, 1986లో వరకట్న మరణాల మీద 304-బి వచ్చింది. 2024 జూలై నుంచి అవే భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లుగా ఉన్నాయి. అయితే దెబ్బలు తిన్న స్త్రీ స్టేషన్‌కో కోర్టుకో చేరకముందే చేరే చోటు ఇంకొకటుంది. అది ఆసుపత్రి క్యాజువాల్టీ. ఆమె ఒంటి మీద గాయాన్ని మొదట చూసేది, దాన్ని కాగితం మీద పెట్టేది అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరు. ఆ డాక్టరు ఏం రాస్తారు, ఏం వదిలేస్తారు, అట్లా పోగైన వందల కాగితాల నుంచి ఏదైనా జ్ఞానం పుడుతుందా లేక రికార్డు రూములో చెదలు పడుతుందా? ఇది వైద్యుల సొంత వ్యవహారమని నేననుకోను. ఇది మన హక్కుల ప్రశ్న.

సికింద్రాబాదు బస్తీల్లో పనిచేసే మాకు పెద్దాసుపత్రి అంటే గాంధీయే. 1954లో మొదలైన గాంధీ మెడికల్ కాలేజీకి అనుబంధమైన ఈ ఆసుపత్రి, సికింద్రాబాదు స్టేషన్ దగ్గరి పాత భవనాల నుంచి 2003లో ముషీరాబాదు జైలు ఉండిన స్థలానికి మారింది. రోడ్డు మీద పడినవాళ్ళు, రైలు పట్టాల మీద దెబ్బతిన్నవాళ్ళు, కట్టడాల మీంచి జారిన కూలీలు, కత్తిపోట్లు తిన్నవాళ్ళు, కాలినవాళ్ళు ఇట్లాంటి ఆసుపత్రులకే వస్తారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సర్వీసు మొదలయ్యాక దారిలో పోయే ప్రాణాలు కొన్ని నిలబడుతున్నాయి. అంతకుముందే, 1989లో, పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చి చెప్పింది: పోలీసు తతంగం కోసం ఆగకుండా గాయపడిన మనిషికి వెంటనే చికిత్స చెయ్యడం ప్రతి డాక్టరు బాధ్యత. అంటే చేర్చుకోవాలన్న హక్కు కాగితం మీదైనా ఉంది. చేరిన తరువాత సంగతే నేను మాట్లాడుతున్నది.

బోధనాసుపత్రిలో సర్జన్‌కు మూడు పనులుంటాయి: వైద్యం చెయ్యడం, చదువు చెప్పడం, పరిశోధన చెయ్యడం. గాయాలు, అత్యవసర ఆపరేషన్లు, ఆ తరువాత ఐసీయూలో సంరక్షణ, ఈ మూడింటినీ కలిపి అమెరికాలో ‘అక్యూట్ కేర్ సర్జరీ’ అని ఒక శాఖగా తీర్చిదిద్దారు. అందులోనే ప్రొఫెసర్లవుతారు, అందులోనే పరిశోధన చేస్తారు. మన దేశంలో ఢిల్లీ, రిషికేశ్ ఎయిమ్స్‌లలో ట్రామా సర్జరీకి ఎంసీహెచ్ చదువుంది. 2009లో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ఎండీ కోర్సుగా గుర్తించారు. కానీ మామూలు ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో గాయాల పని ఎక్కువగా జనరల్ సర్జరీ యూనిట్ల మీదే, వంతులవారీ డ్యూటీల మీదే నడుస్తుంది. అందరి డ్యూటీ అయినది ఎవరి సబ్జెక్టూ కాకుండా పోతుంది. ఆ రాత్రి డ్యూటీ చేసిన పీజీ తెల్లారి ఇంకో వార్డుకు పోతుంది. రాత్రి చూసిన గాయాల గురించి ఆలోచించడానికి ఆమెకు సమయమూ ఉండదు, ఆలోచిస్తే దక్కే గుర్తింపూ ఉండదు.

కొన్నేళ్ళ కిందట నగరంలోని ఒక పెద్దాసుపత్రికి మా బస్తీ మనిషిని ఒకామెను తీసుకెళ్ళాను. పొట్టలో రక్తం చేరింది, ప్లీహం పగిలిందన్నారు. బాత్‌రూములో జారిపడిందని భర్త చెప్పాడు. ఆమె ఔనని తలూపింది. సర్జరీ పీజీ అమ్మాయి మందుల చీటీ చేతికిచ్చి భర్తను బయటికి పంపి, దగ్గరికి వంగి మళ్ళీ అడిగింది. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ నోరు విప్పలేదు. ఆపరేషన్ బాగా జరిగింది, ప్రాణం దక్కింది. కేస్ షీటులో మాత్రం ‘జారిపడింది’ అనే ఉంది. నేనడిగితే ఆ డాక్టరమ్మ దాపరికం లేకుండానే చెప్పింది: “అక్కా, పక్కటెముకల కింద ఆ దెబ్బ ఎట్లా తగిలి ఉంటుందో నాకు తెలుస్తనే ఉంది. ఆమె చెప్పకుండా నేనెట్ల రాయను? రాసినా రేపు కోర్టుకు పోవాల్సింది నేనే. ఎన్ని వాయిదాలకు పోవాలో, ఆ రోజులు సెలవు కింద పోతయో డ్యూటీ కింద పోతయో ఎవరూ చెప్పరు.”

ఆ అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది. పీజీ చదివేవాళ్ళంతా థీసిస్ రాయాలి. ఇట్లా కడుపులో దెబ్బలతో వచ్చే ఆడవాళ్ళ మీద రాస్తానని తను అడిగిందట. ‘అది సర్జరీ కాదమ్మా, సోషియాలజీ’ అన్నారట గైడు. చివరికి హెర్నియా మెష్ మీద రాసింది. హెర్నియా మీద రాయకూడదని నేననను. కానీ పగిలిన ప్లీహాన్ని తీసెయ్యడం సర్జరీ, అది ఎందుకు పగిలిందని అడగడం సోషియాలజీ అని గీత గీసిందెవరు? రోడ్డు ప్రమాదాల మీద రాసేటప్పుడు హెల్మెట్ ఉందా, మందు తాగాడా అని సర్జన్లే అడుగుతారు, పత్రాలు రాస్తారు, ప్రభుత్వానికి సలహాలు చెప్తారు. అప్పుడది సైన్సే. ఇంట్లో తగిలిన గాయం దగ్గరకొచ్చేసరికి మాత్రం ‘కుటుంబ విషయం’ అవుతుంది.

ఈ గీత ఎంత ఖరీదైనదో కాలిన గాయాల విషయంలో చూశాం. ‘స్టవ్ పేలింది’ అన్న రెండు మాటల కింద ఎంతమంది కోడళ్ళు బూడిదయ్యారో మనకు తెలుసు. 2009లో లాన్సెట్ పత్రికలో ప్రాచీ సంఘవి, కవి భల్లా, వీణా దాస్ ఒక పరిశోధన ప్రచురించారు. 2001 ఒక్క సంవత్సరంలో దేశంలో మంటల వల్ల 1,63,000 మంది చనిపోయి ఉంటారనీ, వాళ్ళలో 1,06,000 మంది స్త్రీలనీ, ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ళ లోపు వాళ్ళేననీ వాళ్ళు అంచనా కట్టారు. పోలీసుల లెక్కకు ఇది ఆరు రెట్లు. వాళ్ళు కొత్తగా ఏ ఊరూ తవ్వలేదు. మరణాల కారణాల మీద అప్పటికే ఉన్న రికార్డులను, సర్వేలను పక్కపక్కన పెట్టి లెక్కగట్టారు. ఆ చావుల్లో చాలా భాగం ఏదో ఒక ఆసుపత్రి వార్డు మీదుగా పోయినవే. కాగితాలున్నాయి, కలిపి చదివినవాళ్ళే లేరు.

ఇప్పుడు గాయాల లెక్క చూడండి. 2013 నుంచి 2015 దాకా ముంబయి, ఢిల్లీ, కోల్‌కతాల్లోని నాలుగు బోధనాసుపత్రుల్లో 16,000 మందికి పైగా గాయపడినవాళ్ళ వివరాలతో టిట్కో అనే రిజిస్ట్రీ తయారైంది. మన దేశంలో గాయాల వైద్యం మీద తరువాత వచ్చిన ఎన్నో పత్రాలకు అదే ఆధారం. అందులో తెలుగు నేల మీది ఆసుపత్రి ఒక్కటీ లేదు. అందులో నమోదైనవాళ్ళలో అత్యధికులు మగవాళ్ళు. రోడ్డు మీద, రైలు మీద, పనిచోట ఎక్కువగా దెబ్బతినేది వాళ్ళే కాబట్టి అది సహజమే. కానీ అందువల్ల స్త్రీల గాయాలు చిన్నవని అనుకుంటే పొరపాటు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామన్నారు. వీళ్ళలో ఎంతమంది ఆసుపత్రి గడప తొక్కారు? ఎన్నోసారి తొక్కారు? మూడోసారి వచ్చినామె మొదటిసారి వచ్చినప్పుడు ఏమని రాశారు? ఈ ప్రశ్నలకు జవాబు సర్వే చేసేవాళ్ళ దగ్గర దొరకదు, క్యాజువాల్టీలోనే దొరుకుతుంది.

ప్రశ్న అడిగేవాళ్ళు ఎవరన్నదాన్ని బట్టే ఏ ప్రశ్న పుడుతుందన్నది ఉంటుంది. ఎంబీబీఎస్ తరగతుల్లో ఆడపిల్లలకు కొదవ లేదు. సర్జరీ ప్రొఫెసర్ల గదుల ముందు పేర్ల పలకలు చదువుకుంటూ పోతే మాత్రం ఆడవాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ‘గైనకాలజీ తీసుకో, చర్మవ్యాధులు తీసుకో, రాత్రి డ్యూటీలు ఉండవు, పెళ్ళి సంబంధాలకూ ఇబ్బంది ఉండదు’ అని ఇంట్లోనూ కాలేజీలోనూ చెప్తూనే ఉంటారు. వాటిని కాదని సర్జరీలోకి వచ్చిన అమ్మాయికి బిడ్డ పుట్టేదీ, పేపర్లు రాసి పైకి రావాల్సిందీ ఒకే వయసులో. ప్రమోషన్‌కు సర్వీసు ఏళ్ళూ అచ్చయిన పరిశోధన పత్రాలూ లెక్కకొస్తాయి. క్యాజువాల్టీలో తెల్లవార్లూ నిలబడిన రాత్రులు రావు. సాక్ష్యం చెప్పడానికి కోర్టులో కూర్చున్న రోజులు రావు.

ఇక భద్రత సంగతి. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరు మీద జరిగిన అత్యాచారం, హత్య దేశమంతా చూసింది. మరుసటి నెలలోనే మన గాంధీ ఆసుపత్రి క్యాజువాల్టీలో ఒక రోగి జూనియర్ డాక్టరమ్మ మీద దాడి చేశాడు. పడుకోవడానికి గడియ ఉన్న గది లేని చోట, రాత్రి రెండింటికి ఒంటరిగా నిలబడి, తాగి వచ్చిన భర్తను ‘మీరు కాసేపు బయట ఉండండి’ అని చెప్పమంటే ఆమె ఏ ధైర్యంతో చెప్తుంది? డాక్టరుకు భద్రత లేని గదిలో రోగికి నిజం చెప్పే భద్రత ఉండదు. ఈ రెండూ వేరు వేరు సమస్యలు కావు.

పరిశోధన ఈ ఊరికి కొత్తా అంటే, కాదు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది ఇక్కడే, బేగంపేటలో. ఆయన పట్టాలు పొందిన సైనిక వైద్యుడు. దోమ కాటుకు ఒక అణా చొప్పున తీసుకుని తన రక్తం ఇచ్చిన హుస్సేన్ ఖాన్ అనే రోగి లేకపోతే ఆ పరిశోధనే లేదు. అంతకు కొద్ది ఏళ్ళ ముందు నిజాం ఖర్చుతో ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫాం కమిషన్ల కాలంలోనే, హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ రోగులకు క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఆవిడ ఒకరని ఇప్పుడు చెప్పుకుంటున్నారు. రాస్ పేరుతో సంస్థ ఉంది. రూపాబాయి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

గాయం గురించి అడిగిన సర్జన్లు ఏం సాధించగలరో చూపిన ఉదాహరణలూ ఉన్నాయి. అమెరికాలోని బాల్టిమోర్‌లో కార్నెల్ కూపర్ అనే ట్రామా సర్జన్, తను కుట్లు వేసి పంపిన కుర్రాళ్ళే మళ్ళీ మళ్ళీ కత్తిపోట్లతో, తూటా గాయాలతో రావడం చూసి, 1998లో ఆసుపత్రిలోనే వాళ్ళకు కౌన్సెలింగ్, ఉపాధి సాయం మొదలుపెట్టాడు. అట్లా సాయం అందినవాళ్ళు మళ్ళీ గాయాలతో రావడం బాగా తగ్గిందని 2006లో పరిశోధన పత్రం రాశాడు. మన దగ్గర 2000లో ముంబయి బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో సెహత్ సంస్థ, నగరపాలక సంస్థ కలిసి ‘దిలాసా’ కేంద్రం పెట్టాయి. ఆసుపత్రి లోపలే, ఆసుపత్రి సిబ్బందితోనే, హింసకు గురైన స్త్రీలకు ఆసరా ఇవ్వొచ్చని అది చూపించింది.

‘మంచాలకే దిక్కులేదు, స్ట్రెచర్ తోసేవాళ్ళు లేరు, మీకు పరిశోధన కావాలా’ అని కొందరు మిత్రులంటారు. మంచాలు కూడా లెక్కల మీదే వస్తాయి. లెక్కలో లేని గాయానికి బడ్జెట్టులో పైసా ఉండదు.

అందుకే మన సంఘాలు కొన్ని అడగాలి. గాంధీ, ఉస్మానియా, వరంగల్ ఎంజీఎం, విశాఖ కేజీహెచ్ లాంటి ఆసుపత్రుల్లో గాయాల రిజిస్ట్రీ ఉండాలి. గాయపడింది స్త్రీయా పురుషుడా, గర్భవతా, గాయం చేసిందెవరు, ఇది ఎన్నోసారి రావడం అన్న గడులు అందులో ఉండాలి. పేరూ చిరునామా మాత్రం ఉండకూడదు. పరిశోధన పేరుతో ఆమె గుట్టు బజారున పడకూడదు. రోగిని తోడు వచ్చినవాళ్ళు లేకుండా అడగడం మర్యాద కాదు, నియమం కావాలి. క్యాజువాల్టీ పనికీ, కోర్టు సాక్ష్యానికీ సర్వీసులో విలువ కట్టాలి. గడియ వేసుకునే డ్యూటీ గది, పిల్లల కోసం క్రెష్ ఉండాలి. క్యాజువాల్టీ పక్కనే దిలాసా లాంటి గది ఒకటుండాలి.

అడగడంతో ఆగకుండా మనం చెయ్యగలిగిందీ ఉంది. మనుషుల మీద పరిశోధన చేసే ప్రతి మెడికల్ కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఉంటుంది. అందులో వైద్యులు కానివాళ్ళు, సామాజిక శాస్త్రం తెలిసినవాళ్ళు, మామూలు పౌరులు కూడా సభ్యులుగా ఉండాలని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. మనవాళ్ళు ఎందుకు కూర్చోకూడదో కూడా అడగండి. సర్జరీ చదివే అమ్మాయిలను మన సమావేశాలకు పిలవండి. థీసిస్‌కు విషయం వెతుక్కుంటున్న అమ్మాయికి, మన దగ్గర పదేళ్ళుగా పేరుకున్న కేసు పుస్తకాల్లో వంద ప్రశ్నలు దొరుకుతాయి.

ప్లీహం పగిలిన ఆమె ఇప్పుడు పుట్టింట్లో ఉంది, బీడీలు చేసి బతుకుతోంది. ఆమె ప్రాణం నిలబెట్టిన సర్జరీకి నా దండాలు. ఆమెలాంటి మరొకామె ఆ బల్ల మీదికి రాకుండా చూడడం కూడా సర్జరీయేనని ఆ శాఖ ఒప్పుకునే దాకా మనం అడుగుతూనే ఉండాలి.