మడమ నేలకు ఆనడం లేదా?



ఇప్పుడు మన పల్లెల్లోని బడిపిల్లలు కూడా కరాటే నేర్చుకొంటున్నారు. ధైర్యం చేసి ఆడపిల్లలను పంపుతున్న తల్లులను చూసి మేము సంతోషిస్తున్నాము. ఒకినావా దీవుల్లో పెరిగిన ఈ విద్యను గిచిన్ ఫునాకోషి 1922లో టోక్యో నగరానికి తీసుకువెళ్లి ప్రదర్శించాడు. తరువాత అది లోకమంతటా వ్యాపించింది. అయితే కొత్తగా చేరిన పిల్లలనుండి మేము తరచుగా వినే ఫిర్యాదు ఒకటుంది: "మాస్టరుగారు ఇంకా కిందికి దిగమంటున్నారు, మా మడమ నేలకు ఆనడం లేదు." ఈ నెల ఆ సంగతే ఆలోచిద్దాము.

కరాటేలో నిలబడే తీరులు చాలా ఉన్నాయి. ముందుకాలు వంచి, వెనుకకాలు చాచి నిలబడేది జెన్‌కుత్సు దాచి. ఇందులో వెనుక మడమ నేలను విడువకూడదు. గుర్రంమీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి దిగేది కిబా దాచి. పిల్లిలాగా బరువు చాలావరకు వెనుకకాలిమీద ఉంచి, ముందుపాదాన్ని మునివేళ్లమీద ఆన్చేది నెకోఆషి దాచి. వీటన్నిటికీ చీలమండ బాగా వంగాలి. ఇక ఎదురుగా తన్నే మాయె గేరికి కాలివేళ్లు వెనుకకు వంగాలి. దెబ్బ తగలవలసింది వేళ్ల కొనలతో కాదు, వేళ్ల మొదట అరికాలిలో ఉండే మెత్తతో. వేళ్లు వెనుకకు రాకపోతే అవే ముందు తగిలి బెణుకుతాయి, ఒక్కొక్కసారి విరుగుతాయి.

చీలమండ వంగనప్పుడు శరీరం వేరే దారి వెదకుకొంటుంది. మడమ పైకి లేస్తుంది. లేదా పాదం పక్కకు తిరిగి, మోకాలు లోపలికి ఒరుగుతుంది. చీలమండ చేయవలసిన పనిని మోకాలు మోయవలసి వస్తుంది. నొప్పి మోకాలిలో, కారణం చీలమండలో!

మన తాతలకు ఈ సాధన ఎవరూ నేర్పలేదు. వారు గొంతుక్కూర్చుని కలుపు తీశారు, పొయ్యి ఊదారు, గంటలకొద్దీ కబుర్లు చెప్పుకొన్నారు. నేటి పిల్లలకు బడిలో బెంచీ, ఇంట్లో కుర్చీ. వాడని కీలు బిగుసుకొంటుంది.

మీ పిల్లల చీలమండను ఇంట్లోనే చూడవచ్చు. గోడకు ఎదురుగా, బొటనవ్రేలు గోడకు సుమారు 4 అంగుళాల దూరంలో ఉండేట్టు పాదం పెట్టించండి. మడమ ఎత్తకుండా మోకాలు గోడకు తగిలితే బాగా వంగుతున్నట్టే. తగలకపోతే సాధన అవసరం. రెండు కాళ్లనూ వేరువేరుగా చూడండి.

సాధన ఇలా చేయాలి. మొదట 5 నిమిషాలు నడిచి ఒళ్లు వేడెక్కనివ్వాలి. గోడకు చేతులు ఆన్చి, ఒక కాలు వెనుకకు చాచి, మడమ నేలకు నొక్కి 30 సెకన్లు నిలవాలి. తరువాత అదే కాలి మోకాలు కొద్దిగా వంచి మరో 30 సెకన్లు నిలవాలి. పిక్కలో రెండు కండరాలున్నాయి. పైది మోకాలిని దాటి వెళుతుంది, లోపలిది దాటదు. గనుక మోకాలు చాచి ఒకసారి, వంచి ఒకసారి చేస్తేనే రెండూ సాగుతాయి. ఇలా ఒక్కొక్క కాలికి మూడేసి సార్లు.

వేళ్లకైతే, మోకాళ్లూని, కాలివేళ్లను కిందికి మడిచి, మెల్లగా మడమలమీద కూర్చోవాలి. మొదట్లో బరువు చేతులమీద ఉంచుకోవాలి. 10 సెకన్లతో ప్రారంభించి రోజురోజుకు పెంచుకోవచ్చు. చివరగా, గోడ పట్టుకొని మునికాళ్లమీద 15 సార్లు లేచి దిగాలి. సాగిన కీలుకు బలం కూడా కావాలి గదా! రోజూ చేస్తే కొన్ని వారాల్లో తేడా కనిపిస్తుంది.

ఇక్కడ తలిదండ్రులకు ఒక హెచ్చరిక. కొన్నిచోట్ల త్వరగా దిగాలని పిల్లల భుజాలమీద బరువు వేసి నొక్కుతారు. ఇది చాలా తప్పు. సుమారు 8 నుండి 14 ఏళ్ల వయస్సులో మడమ ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. పిక్క కండరాలు ఆ ఎముకనే లాగుతాయి. పరుగులు, గెంతులు ఎక్కువైనప్పుడు అక్కడ నొప్పి పుట్టవచ్చు. పిల్లవాడు మడమ నొప్పి అని కుంటుతుంటే "బద్ధకం" అని గద్దించకండి. కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. పిక్కలో లాగుతున్నట్టుంటే ఫరవాలేదు. చీలమండ ముందుభాగంలో గుచ్చుకొన్నట్టున్నా, వాపు వచ్చినా ఆపవలసిందే. ఊగుతూ కుదుపుతూ సాగదీయడం కూడదు. షుగరువల్ల పాదాలకు స్పర్శ తగ్గిన పెద్దలు డాక్టరును అడగకుండా ఇవి చేయవద్దు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు మన పెద్దలు. నిజమే, గాని మొక్కను వంచే చెయ్యి మెల్లనిదై ఉండాలి. తొందరపడి వంచితే విరిగేది మొక్కే. మీ బిడ్డ ఈ సంవత్సరం ఎంత కిందికి దిగాడన్నది ముఖ్యం కాదు. పదేళ్ల తరువాత కూడా నొప్పిలేని కాళ్లతో నిలబడడం ముఖ్యం. మాస్టరుగారి దగ్గరకు వెళ్లి, మర్యాదగానే ఈ మాట చెప్పండి. మంచి గురువు తప్పక వింటాడు.